ముందు కుర్చీలు మోస్తారు, సిద్ధాంతం తర్వాత

మన పత్రికలు అమెరికా కన్జర్వేటివ్‌లను 'మితవాదులు' అని రాస్తుంటాయి. బడిలో గోఖలేని మితవాది అని చదువుకున్నవాళ్ళకు ఆ మాట వినగానే మర్యాదగా అర్జీలు పెట్టుకునే పెద్దమనిషి గుర్తొస్తాడు. 1964 జులైలో శాన్ ఫ్రాన్సిస్కో కౌ ప్యాలెస్‌లో రిపబ్లికన్ అభ్యర్థిగా నిలబడ్డ బారీ గోల్డ్‌వాటర్ చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులు. స్వేచ్ఛను కాపాడుకోవడంలో అతివాదం దుర్గుణం కాదు, న్యాయం కోసం పాటుపడటంలో మితవాదం సుగుణమూ కాదు అన్నాడాయన. అలాంటి మనిషిని మితవాది అని ఎలా అంటాం? పోనీ 'సంప్రదాయవాది' అందామంటే మడీ ఆచారమూ కళ్ళముందుకొస్తాయి. ఈ ఉద్యమంలో చర్చి మెట్లు ఎక్కకుండానే, పన్ను తగ్గిస్తే చాలనుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అందుకే ఇక్కడ కన్జర్వేటివ్ అనే రాస్తాను.

వీళ్ళు ఎందుకు చేరతారు? అవతలి పక్షంవాళ్ళనడిగితే జాతి విద్వేషం, లేకపోతే మతపిచ్చి అంటారు. చేరినవాళ్ళనడిగితే చదివి, ఆలోచించి, నిజం తెలుసుకుని వచ్చామంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఎక్కువమంది విషయంలో వరస వేరేగా ఉంటుంది. మొదట చేతికి తగిలే బాధ ఒకటి ఉంటుంది: ఇంటి పన్ను బిల్లు, పిల్లవాడి పాఠ్యపుస్తకం, పశువుల మేతకిచ్చే పర్మిట్. అప్పుడు తెలిసినవాళ్ళెవరో "గురువారం సాయంత్రం మీటింగుంది, రాకూడదూ" అంటారు. వెళ్ళాక చేతికో పని దొరుకుతుంది. ఆ పనిలో నాలుగు నెలలు తిరిగాక సిద్ధాంతం వంటబడుతుంది.

ఇది నా ఊహ కాదు. జియాద్ మన్సన్ అనే సోషియాలజిస్టు అబార్షన్ వ్యతిరేక కార్యకర్తలను నాలుగు నగరాల్లో కలిసి వాళ్ళ జీవితకథలు రాసుకున్నాడు. 2008లో అచ్చయిన ఆ పరిశోధనలో అందర్నీ ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. వాళ్ళలో దాదాపు సగం మంది, ఉద్యమంలోకి రాకముందు ఆ విషయం పట్టనివాళ్ళో, అబార్షన్ హక్కు ఉండాలనుకున్నవాళ్ళో! గట్టి అభిప్రాయం ఉంది కాబట్టి చేరారన్న మామూలు లెక్క అక్కడ కుదరలేదు. అతను చూసిన వరస ఇదీ: ముందు జీవితంలో ఒక మలుపు వస్తుంది. కొత్త ఊరికి మారడం, కాలేజీలో చేరడం, మొదటి బిడ్డ పుట్టడం, అలాంటిది. పాత స్నేహాలు సడలి, రోజువారీ వేళలు మారిపోయిన ఆ రోజుల్లోనే ఉద్యమంలో ఉన్న మనిషి ఒకరు తారసపడతారు. వాళ్ళతో కలిసి ఓ ఊరేగింపుకో ప్రార్థనకో వెళ్తారు. నమ్మకం గట్టిపడేది ఆ తర్వాత. అదే అభిప్రాయం ఉండి కూడా, మలుపు దగ్గర ఎవరూ పిలవనివాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. నలుగురితో నారాయణ అన్న మాట మనకు కొత్తేమీ కాదు గదా.

పిలుపు ఒక్కటే చాలదు. వచ్చిన మనిషికి ఆ సాయంత్రమే ఏదో పని ఒప్పగించాలి. ఆ పని చిన్నదై ఉండాలి, పూర్తయిందని కంటికి కనిపించాలి. కుర్చీలు వేయడం, వచ్చినవాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకోవడం, సూపర్‌మార్కెట్ ముందు సంతకాల అట్ట పట్టుకుని రెండు గంటలు నిలబడటం, ఒక వీధి తలుపులు తట్టడం. తలుపులు తట్టేవాళ్ళకు ఇచ్చే 'వాక్ లిస్టు'లో ఓటరు పేరు, వయసు, గత ఎన్నికల్లో ఓటేశారా లేదా అన్నది ఉంటుంది (ఎవరికేశారో ఉండదు, ఓటేసిన సంగతి మాత్రం అక్కడ బహిరంగ రికార్డు). మాట్లాడాక ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె వేసుకోవాలి: ఒకటైతే మనవాడు ఖాయం, అయిదైతే అవతలివాడు ఖాయం. మూడు దగ్గర కష్టపడాలి, అయిదు దగ్గర నవ్వి వచ్చేయాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు అయిదుతోనే అరగంట వాదించడం. ఇక నిర్వాహకులు చేసే తప్పు, వచ్చినవాణ్ణి వెనక కుర్చీలో కూర్చోబెట్టి గంటన్నర ఉపన్యాసం వినిపించి, ఈమెయిల్ లిస్టులో పేరెక్కించి పంపేయడం. వాడు రెండోసారి రాడు.

ఈ కిటుకుల్ని ఒక విద్యలా నేర్పాలని ముందుగా పట్టుకున్నవాళ్ళలో మార్టన్ బ్లాక్‌వెల్ ఒకడు. 1964 మహాసభలో గోల్డ్‌వాటర్ ప్రతినిధుల్లో అందరికంటే చిన్నవాడు. 1979లో లీడర్‌షిప్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. మన మాట నిజమైనంత మాత్రాన మనం గెలవం. ఎంతమంది పనివాళ్ళున్నారు, వాళ్ళకు ఎంత పని వచ్చు అన్నదే గెలుపు తేలుస్తుందని ఆయన బోధన. ఆ పాఠం ఎక్కడ నుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు. 1964 నవంబరులో గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలే గెలిచాడు. ఎలక్టోరల్ ఓట్లు 52; లిండన్ జాన్సన్‌కి 486. అయినా 2.7 కోట్ల ఓట్లు పడ్డాయి. ఆ ప్రచారంలో తలుపులు తట్టినవాళ్ళు ఇళ్ళకెళ్ళి ఊరుకోలేదు. నా దృష్టిలో ఆ ఓటమి విలువ అక్కడే ఉంది. పని నేర్చిన మనుషులు ప్రతి కౌంటీలోనూ మిగిలారు.

వాళ్ళ పేర్లు కూడా మిగిలాయి. అప్పటి చట్టం ప్రకారం 50 డాలర్లు, ఆపైన ఇచ్చిన దాతల వివరాలు ప్రతినిధుల సభ క్లర్కు ఆఫీసులో ఉండేవి. రిచర్డ్ విగరీ అనే కుర్రాడు అక్కడ కూర్చుని గోల్డ్‌వాటర్ దాతల పేర్లు, చిరునామాలు చేత్తో ఎక్కించుకున్నాడు. 12,500 పేర్లు తేలాయి. 1965లో ఆ జాబితాతోనే ఉత్తరాల వ్యాపారం మొదలుపెట్టాడు. దాని లెక్క తెలిస్తే గానీ ఈ ఉద్యమం లోపలి యంత్రం అర్థం కాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు పంపే మొదటి విడత ఉత్తరాలకు నూటికి ఒకరిద్దరు డబ్బు పంపితే గొప్ప. తపాలా ఖర్చులు పోను ఆ విడతలో మిగిలేది సున్నా, ఒక్కోసారి నష్టం. లాభమంతా ఆ ఒకరిద్దరికి మళ్ళీ మళ్ళీ రాయడంలో ఉంది. నాలుగు పేజీల ఉత్తరం, మొదటి వాక్యంలోనే ఒక ప్రమాదం, ప్రతి పేజీలోనూ 'మీరు', చివర తా.క. జనం కవరు చించగానే చూసేది సంతకం కింద ఉన్న తా.క.నే కాబట్టి అసలు అడిగేదంతా అక్కడ పెడతారు. పదిహేను డాలర్లు పంపిన ముసలావిడ ఆ క్షణం నుంచి తనను సభ్యురాలిగా అనుకుంటుంది. డబ్బు కూడా ఒక 'మొదటి పని'.

ఇప్పుడు జనం ఈ ఉద్యమంలోకి వచ్చే దారులు. అన్నిట్లోకీ వెడల్పైనది పన్ను. 1970లలో కాలిఫోర్నియాలో ఇళ్ళ ధరలు ఎగబాకాయి. అంతకుముందు పన్ను లెక్కగట్టే అసెసర్లు లంచాలు తిని కొందరికి తక్కువ రాసేవాళ్ళు. ఆ కుంభకోణం బయటపడ్డాక అందరికీ మార్కెట్ ధరలో ఒకే నిష్పత్తిన విలువ కట్టాలని చట్టం తెచ్చారు. మంచి సంస్కరణే. కానీ ఫలితంగా ఇంటి ధర పెరిగిన ప్రతిసారీ పన్నూ దానంతటదే పెరిగింది. ఇల్లు అమ్మితేనే ఆ విలువ చేతికొచ్చేది, పన్ను మాత్రం ఏటా నగదుగా కట్టాలి. పింఛను మీద బతికేవాళ్ళకు ఎక్కడ కాలిందో ఇట్టే తెలుస్తుంది. ఇంటి పన్ను తగ్గించే ప్రతిపాదనను నేరుగా ప్రజల ఓటుకు పెట్టించడానికి హవార్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు 12 లక్షలకు పైగా సంతకాలు పోగుచేశారు. 1978 జూన్ 6 పోలింగుకు కొన్ని వారాల ముందు లాస్ ఏంజిలెస్ కౌంటీలో కొత్త విలువలు బయటికొచ్చాయి. నిప్పు మీద నెయ్యి పడింది. ప్రపొజిషన్ 13 అనే ఆ ప్రతిపాదన దాదాపు 65 శాతం ఓట్లతో నెగ్గింది: పన్ను విలువలో 1 శాతం మించకూడదు, విలువను 1975–76 నాటి స్థాయికి దించాలి, ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదు, ఇల్లు చేతులు మారితేనే కొత్త ధర. రాష్ట్రం కొత్త పన్ను వేయాలంటే శాసనసభలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

దానికి ఓటేసినవాళ్ళలో చాలామంది డెమొక్రాట్లే. బిల్లు తగ్గాలన్నదే వాళ్ళ బాధ, ప్రభుత్వం చిన్నదవ్వాలన్న సిద్ధాంతంతో వాళ్ళకు పనిలేదు. కానీ సంతకాల అట్టలు మోసినవాళ్ళలో కొందరు అక్కడితో ఆగలేదు. ఇంటి పన్ను మీద పోట్లాడటానికి వచ్చి, పాఠశాలల ఖర్చు, ఉద్యోగుల పింఛన్లు, సంక్షేమం అన్నిటికీ ఒకే వివరణ నేర్చుకుని వెళ్ళారు. చిన్న బాధ నుంచి పెద్ద వివరణకు మనిషి మారే చోటు అదే.

రెండోది వంటింటి దారి. స్త్రీ పురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణ, ఈఆర్‌ఏ, 1972 మార్చిలో కాంగ్రెస్ దాటింది. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. మొదటి ఏడాదిలోనే 30 ఒప్పేసుకున్నాయి. ఇల్లినాయ్‌లో ఆల్టన్ అనే ఊరి నుంచి ఫిలిస్ ష్లాఫ్లీ అడ్డం తిరిగింది. ఆమెతో కదిలిన ఆడవాళ్ళలో చాలామంది ఎన్నడూ రాజధాని మెట్లెక్కినవాళ్ళు కారు. బాప్టిస్టులు, కాథలిక్కులు, మార్మన్లు, ఒకరి చర్చికి ఒకరు పోనివాళ్ళు. వాళ్ళ భయాలు చాలా నిర్దిష్టంగా ఉన్నాయి. ఆడపిల్లల్ని సైన్యంలోకి బలవంతంగా తీసుకుంటారా? భర్త పోషించాలన్న చట్టం పోతుందా? ఉద్యోగం చేయని భార్యకు భర్త సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పింఛను) మీదొచ్చే డబ్బు ఏమవుతుంది? ఈ భయాలు ఎంతవరకు నిజమో అన్నది వేరే చర్చ. ఇరవయ్యేళ్ళుగా ఇల్లు చూసుకున్న మనిషికి ఆ పనికి విలువే లేదని ఎవరో అంటున్నట్టు అనిపించడం మాత్రం నిజం.

పద్ధతి చూడండి. ఫోన్ చెట్టు: ఒకరు అయిదుగురికి, ఆ అయిదుగురు తలా అయిదుగురికి; మూడు మెట్లలో 125 ఇళ్ళు. శాసనసభ్యుడికి ఇంట్లో కాల్చిన రొట్టె, సొంతంగా చేసిన జామ్. టీవీ ముందు ఏం కట్టుకోవాలి, కోపం తెప్పించే ప్రశ్న వస్తే ఎలా నవ్వాలి అన్నవాటికి శిక్షణ. ఇల్లినాయ్ సభలో ఈ సవరణ నెగ్గడానికి అయిదింట మూడొంతుల ఓట్లు కావాలన్న నియమం ఉండేది. అంటే మెజారిటీ తెచ్చుకోనక్కర్లేదు, ఆపగలిగినన్ని ఓట్లు పట్టుకుంటే చాలు. ఎక్కడ తక్కువ శ్రమతో ఆపొచ్చో తెలిసినవాళ్ళు అక్కడే తిష్ఠ వేస్తారు. చివరి గడువు 1982 జూన్ 30 నాటికి ఒప్పుకున్న రాష్ట్రాలు 35 దగ్గరే ఆగాయి. రొట్టెలు పట్టుకెళ్ళిన ఆడవాళ్ళలో కొందరు ఆ పదేళ్ళలో పార్టీ కౌంటీ కమిటీల్లో కూర్చునే స్థాయికొచ్చారు.

చర్చి, బడి కలిసే చోటు మూడో దారి. 1962, 1963ల్లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో ప్రార్థన, బైబిల్ పఠనం చెల్లవంది. 1974లో వెస్ట్ వర్జీనియాలోని కనావా కౌంటీలో కొత్త పాఠ్యపుస్తకాల మీద గొడవ రేగి, గని కార్మికులు సానుభూతిగా పని మానేశారు; స్కూలు బోర్డు భవనం మీద డైనమైట్ పేలింది. అప్పటికి ఏడాది వయసున్న, వాషింగ్టన్‌లోని కన్జర్వేటివ్ మేధో సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ ఆ నిరసనకారులకు న్యాయసహాయం పంపింది. ఊరి తగాదాకు రాజధాని నుంచి వకీలు రావడం అన్న పద్ధతి అలా మొదలై ఇప్పటికీ నడుస్తోంది. బిడ్డల్ని ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు 1983లో సొంతంగా న్యాయరక్షణ సంఘం పెట్టుకున్నాయి. 1994 ఫిబ్రవరిలో ఒక విద్యా బిల్లులోని వాక్యం ఇంట్లో పాఠం చెప్పే తల్లికి కూడా టీచరు సర్టిఫికెట్ అడుగుతుందేమోనని వాళ్ళకు అనుమానం వచ్చింది. ఫోన్లతో కాంగ్రెస్ లైన్లన్నీ నిండిపోయాయి. ప్రతినిధుల సభ 424–1తో ఆ వాక్యం తీసేసింది. అంతవరకూ రాజకీయం మనకెందుకనుకున్న తల్లికి, ఒక ఫోన్ కాల్‌కు 424 అన్న అంకె బదులొస్తే ఏమనిపిస్తుంది?

ఇక్కడ జాతి మాట దాటవేయకూడదు. గోల్డ్‌వాటర్ గెలిచిన ఆరింట్లో ఒకటి సొంత రాష్ట్రం అరిజోనా. మిగతా అయిదూ దక్షిణాది. ఆ వేసవిలోనే ఆయన పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. తన కారణం రాజ్యాంగమనీ, రాష్ట్రాల అధికారమనీ అన్నాడు; అలబామాలోనూ మిసిసిపీలోనూ ఓటేసినవాళ్ళకు ఆ సన్నటి తేడాతో పనిలేదు. నల్లవాళ్ళతో పిల్లల్ని కలిపి చదివించడం ఇష్టంలేక పెట్టుకున్న ప్రైవేటు క్రైస్తవ బడులకు 1978లో పన్ను మినహాయింపు తీసేస్తామని ఆదాయపు పన్ను శాఖ ప్రతిపాదించింది. పాస్టర్లు భగ్గుమన్నారు. మరుసటి ఏడాదే జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ పెట్టిన మోరల్ మెజారిటీ సంస్థ పుట్టింది. క్రైస్తవ కన్జర్వేటివ్‌లను కదిలించింది 1973 అబార్షన్ తీర్పా, ఈ పన్ను గొడవా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. తెర వెనక సూత్రధారి పాల్ వెయ్‌రిచ్ మాత్రం బడుల గొడవే అన్నాడు. నల్లజాతి ఓటర్లలో చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళు, అబార్షన్ నచ్చనివాళ్ళు ఎంతోమంది ఉన్నా వాళ్ళు ఈ తలుపు తట్టకపోవడానికి కారణం ఈ చరిత్రే.

స్కూలు బోర్డు దారిలో మనవాళ్ళు కూడా కనిపిస్తారు. అమెరికాలో 13 వేలకు పైగా స్కూలు డిస్ట్రిక్టులున్నాయి. చాలాచోట్ల బోర్డు ఎన్నికకు పార్టీ గుర్తుండదు, ఓటేసేది కొద్దిమంది. మీటింగులో ఎవరైనా పేరు నమోదు చేసుకుని రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. అజెండా ముందే బయట పెట్టాలి. కాలిఫోర్నియాలో 72 గంటల ముందు. తెలిసినవాళ్ళు అజెండాలోని అంశం నంబరు చెప్పి, ఒక్కటే డిమాండు పెట్టి, రాసుకున్న కాగితం క్లర్కుకిస్తారు. తెలియనివాళ్ళు మూడు అంశాలు కలిపి మాట్లాడతారు, టైమరు మోగుతుంది, మైకు ఆగుతుంది, మర్నాడు వీడియోలో వాళ్ళ కేక మాత్రమే మిగులుతుంది.

వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూలు, అందరి నోటా 'టీజే', ఈ కథకు మంచి నమూనా. హెర్న్‌డన్, చాంటిల్లీ, ఆష్‌బర్న్‌లలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ పేరు తెలియని ఆరో తరగతి పిల్లలుండరు. 2020లో బోర్డు ప్రవేశపరీక్ష ఎత్తేసి, ప్రతి మిడిల్ స్కూలుకూ అక్కడి ఎనిమిదో తరగతిలో 1.5 శాతం చొప్పున సీట్లు కేటాయించింది. మొదటి బ్యాచ్‌లో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడింది. తల్లిదండ్రులు కొయలిషన్ ఫర్ టీజే పెట్టుకున్నారు. ఫీజు తీసుకోకుండా కేసు వాదించింది పసిఫిక్ లీగల్ ఫౌండేషన్, 1973లో శాక్రమెంటోలో పుట్టిన సంస్థ. జిల్లా కోర్టులో 2022లో గెలిచారు, అప్పీళ్ళ కోర్టులో 2023లో ఓడారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. ఈ తల్లిదండ్రుల్లో కన్జర్వేటివ్‌లని చెప్పుకునేవాళ్ళు తక్కువే. కానీ కష్టంలో ఉన్నప్పుడు వకీలునిచ్చింది ఎవరో గుర్తుంటుంది. కార్నెగీ సర్వేలు భారతీయ అమెరికన్లలో ట్రంప్‌కు మొగ్గినవాళ్ళు 2020లో 22 శాతమని, 2024లో 30 దాటారని చెప్పాయి. యువకుల్లో ఆ మొగ్గు ఇంకా ఎక్కువ. దీన్నంతటినీ టీజే ఖాతాలో వేయడం తప్పు, ద్రవ్యోల్బణం, సరిహద్దు లాంటివి ఉన్నాయి. డెమొక్రాట్లతో నిలిచినవాళ్ళే ఇప్పటికీ ఎక్కువ.

కాలేజీ దారికి రెండు రకాల తలుపులున్నాయి. 1960 సెప్టెంబరులో కనెక్టికట్‌లోని షారన్‌లో, నేషనల్ రివ్యూ పత్రిక పెట్టిన విలియం బక్లీ కుటుంబం ఇంట్లో, 90 మంది దాకా విద్యార్థులు చేరి నాలుగు వందల మాటలకు మించని ప్రకటన ఒకటి రాసుకుని యంగ్ అమెరికన్స్ ఫర్ ఫ్రీడమ్ పెట్టారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా క్యాంపస్ పనికి మొదటి సామాను ఒక మడత బల్ల. ఎమీ బిన్డర్ అనే సోషియాలజిస్టు, తన సహచరితో కలిసి చూసిన తేడా నాకు బాగా నచ్చుతుంది: పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, ప్రొఫెసర్లతో పరిచయమే లేని గుంపులో, పిల్లలు రెచ్చగొట్టే పద్ధతి ఎంచుకుంటారు. కాలేజీ సీట్లలో జాతి ప్రాధాన్యాన్ని వెక్కిరిస్తూ, కొనేవాళ్ళ జాతిని బట్టి ధర మార్చి కుకీలు అమ్మే బల్ల అలాంటిదే. అందరికీ అందరూ తెలిసిన చిన్న ఉన్నత విద్యాలయంలో అదే ఆలోచనలున్న పిల్లలు సభలు పెట్టి మర్యాదగా వాదిస్తారు. ఆలోచన ఒకటే, ప్రవర్తన ఊరిని బట్టి. 2012లో మొదలైన టర్నింగ్ పాయింట్ యూఎస్‌ఏ మొదటి పద్ధతిని దేశమంతా పరిచింది. దాన్ని స్థాపించిన చార్లీ కర్క్ 2025 సెప్టెంబరు 10న యూటాలో ఒక క్యాంపస్‌లో, ప్రశ్నలకు జవాబులిస్తూ ఉండగానే హత్యకు గురయ్యాడు.

రెండో తలుపు న్యాయ కళాశాలది. 1982లో యేల్, షికాగో విద్యార్థులు మొదలుపెట్టిన కన్జర్వేటివ్ న్యాయవాదుల సంఘం ఫెడరలిస్ట్ సొసైటీ పద్ధతి సాదాసీదా: మధ్యాహ్నం ఉచిత భోజనం, ఒక అతిథి, ఎదురు వాదించడానికి అదే కాలేజీ లిబరల్ ప్రొఫెసరు. తిండి కోసం వచ్చినవాడు వాదన విని వెళ్తాడు. అసలు ఆకర్షణ క్లర్క్‌షిప్, అంటే చదువవగానే జడ్జికి సహాయకుడిగా చేసే ఉద్యోగం: ఏ జడ్జి దగ్గర ఎవరికి చోటు దొరుకుతుందో తెలిసిన సీనియర్ల వరస. అయితే ఆ జడ్జీల గదుల్లో పనిచేసిన ప్రతివాళ్ళూ ఉద్యమంవాళ్ళని అనుకోకూడదు. ఆంధ్ర నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు పుట్టి శాన్ డియేగోలో పెరిగిన ఉషా చిలుకూరి వాన్స్ (జె.డి. వాన్స్ భార్య) 2014లోనూ డెమొక్రాట్‌గానే నమోదై ఉన్నారు. కన్జర్వేటివ్ జడ్జీలైన బ్రెట్ కావనా దగ్గర, తర్వాత జాన్ రాబర్ట్స్ దగ్గర క్లర్క్‌గా చేశారు. వృత్తి ఒక దారి, ఓటు ఒక దారి కావడం అక్కడ మామూలే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. అక్కడ పశువులు మేపుకునేవాడికి వాషింగ్టన్ అంటే పర్మిట్ గుమాస్తా. 1979 నాటి సేజ్‌బ్రష్ తిరుగుబాటు ఆ కోపమే. తుపాకి క్లబ్బుల దారి 1977లో తెరుచుకుంది: సిన్సినాటిలో జరిగిన వార్షిక సభలో సభ్యులు రాత్రికి రాత్రి తమ జాతీయ తుపాకుల సంఘం ఎన్ఆర్ఏ నాయకత్వాన్ని మార్చేశారు. మయామీలో క్యూబావాళ్ళకు, కాలిఫోర్నియాలో వియత్నాంవాళ్ళకు కమ్యూనిజం పుస్తకంలో పదం కాదు, పోగొట్టుకున్న ఇల్లు. రేడియో గురించి మాత్రం ఒక మాట. రేడియో ప్రసారాల్లో రెండు పక్షాలకూ చోటివ్వాలన్న నియమం 1987లో పోయింది, 1988 ఆగస్టులో రష్ లింబా అనే కన్జర్వేటివ్ వ్యాఖ్యాత దేశమంతటా వినిపించాడు. రోజుకు మూడు గంటలు, లారీ నడిపేవాడి పక్క సీట్లో కూర్చున్నట్టు. అది కొత్తవాళ్ళను తెచ్చింది తక్కువేననీ, వచ్చినవాళ్ళు జారిపోకుండా చూసిందే ఎక్కువనీ నా అభిప్రాయం.

ఇక చెడేదెక్కడ? మొదటిది ఆరంభ శూరత్వం. 2009 ఫిబ్రవరి 19న రిక్ సాంటెల్లి అనే వ్యాఖ్యాత టీవీలో, ఇంటి అప్పులు కట్టలేనివాళ్ళకు ప్రభుత్వమిచ్చే సాయం మీద విరుచుకుపడ్డాడు. రెండు నెలలు తిరగకుండానే ఏప్రిల్ 15న ఊరూరా, పన్నులూ ప్రభుత్వ ఖర్చూ తగ్గాలంటూ 'టీ పార్టీ' పేరుతో సభలు. థీడా స్కాచ్‌పోల్, వెనెసా విలియమ్సన్ అనే పరిశోధకులు వెళ్ళి చూస్తే వెయ్యి దాకా స్థానిక గుంపులు, ఎక్కువగా పెద్ద వయసు తెల్లవాళ్ళు. సంక్షేమాన్ని తిట్టేవాళ్ళు తమ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) జోలికి రానివ్వలేదు. అది మేం పనిచేసి సంపాదించుకున్నది, అవతలివాళ్ళకు ఊరకనే వస్తోంది అన్నది వాళ్ళ గీత. 2010లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 63 సీట్లు పెంచుకున్నారు. ఆ తర్వాత ఎన్నో గుంపులు చెదిరిపోయాయి. గెలిచాక చేతికి ఇవ్వడానికి పని లేకపోవడం ఒక కారణం.

రెండోది, అదే పని యంత్రం తప్పుడు మేతతో నడవడం. 1958లో మిఠాయిల వ్యాపారి రాబర్ట్ వెల్చ్ కమ్యూనిజానికి వ్యతిరేకంగా పెట్టిన జాన్ బర్చ్ సొసైటీ ఇరవై మందికి మించని చిన్న చిన్న శాఖలతో, నెలనెలా ఎవరికి ఉత్తరాలు రాయాలో చెప్పే బులెటిన్‌తో అద్భుతంగా నడిచింది. ఆ వెల్చే రిపబ్లికన్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కమ్యూనిస్టుల మనిషని రాశాడు. 1962లో బక్లీ తన పత్రికలో వెల్చ్‌ను దుయ్యబట్టాల్సి వచ్చింది. చందాలు రద్దు చేసుకుంటామన్న పాఠకుల బెదిరింపులు లెక్కచేయకుండా ఆ పని చేయడం తేలిక కాదు. సంస్థ నిర్మాణం బాగుంటే అందులో తిరిగే మాట కూడా బాగుంటుందన్న హామీ లేదు.

మూడోది చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునేవాళ్ళు. విగరీ ఉత్తరం ఇప్పుడు ఈమెయిలూ టెక్స్టూ అయింది. కొన్ని విరాళం పేజీల్లో 'ప్రతి నెలా' అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటుంది. పెద్దవాళ్ళు చూసుకోరు, కార్డు నుంచి డబ్బు పోతూనే ఉంటుంది. 2018లో సరిహద్దు గోడ మేమే కడతామని రెండున్నర కోట్ల డాలర్లకు పైగా పోగుచేసిన సంస్థ స్థాపకుడు, పైసా జీతం తీసుకోనని చెప్పి, తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మోసపోయినవాళ్ళు అవతలి పక్షంవాళ్ళు కారు.

నాలుగోది లోపలి చీలిక. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఎవరినైనా "మీరు ఏ సంవత్సరంలో చేరారు" అని అడగడం మంచిది. 1964 మనిషికి కమ్యూనిజం ముఖ్యం, 1978 మనిషికి పన్ను, 1980 మనిషికి చర్చి; ఈ ముగ్గురికీ స్వేచ్ఛా వాణిజ్యం మీద పేచీ లేదు. 2016లో వచ్చినవాడికి దిగుమతి సుంకం కావాలి, సరిహద్దు మూయాలి. 2021లో వచ్చిన తల్లికి కోవిడ్ నాటి మూసిన బడి, లైబ్రరీలో పుస్తకం తప్ప ఇంకేదీ పెద్దగా పట్టదు. బక్లీ పత్రిక 2016 జనవరిలో ట్రంప్‌ను వద్దంటూ ఒక సంచిక మొత్తం కేటాయించింది. ట్రంప్‌ను విమర్శిస్తూ వచ్చిన ఇంకో కన్జర్వేటివ్ పత్రిక వీక్లీ స్టాండర్డ్ 2018 చివరికి మూతపడింది. నలభై ఏళ్ళు ఒకే జెండా కింద ఉన్నవాళ్ళు సుంకం మీద ఒకే బల్ల దగ్గర కూర్చోలేకపోతున్నారు. కౌంటీ కమిటీలో అన్ని సంవత్సరాలవాళ్ళూ ఉంటారు. సుంకం ప్రస్తావన రాగానే వెనక వరసలో గొణుగుడు మొదలవుతుంది, చైర్మన్ సభ ముగిస్తున్నట్టు చెబుతాడు, ఆ నెలలో కొత్తగా వచ్చినవాళ్ళు లేచి కుర్చీలు మడవడం మొదలుపెడతారు.